పలకముక్కలు పెట్టి ఎంచుకున్న చోటు

"ఏమే, పప్పులోకి గోంగూర వెయ్యనా, టమాటా వెయ్యనా?"

"ఏదో ఒకటి వెయ్యి. ప్రతిదానికీ నన్నే అడిగితే ఎట్లయ్యా?"

మా ఆయనా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్నవి ఈ రెండు మాటలే. పొద్దున్నే, షెడ్డు గుమ్మంలో. నేను కాయ కోయడానికి నడుముకు ఒడి కట్టుకుంటున్నాను. ఆయన చేతిలో పప్పు గిన్నె ఉంది. నేను చేలోకి వెళ్ళిపోయాను. ఆ మధ్యాహ్నం దాటేసరికి ఆయన లేడు. అంతకాలం కాపురం చేసి చివరికి చెప్పింది ఇదేనా అంటే, ఇదే. ఇంతకంటే మంచిమాట ఏదో చెప్పానని అబద్ధం రాయించలేను.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది. నా మాటను కాస్త సాపుచేసి రాస్తానంది, సరే అన్నాను. మనుషులు అప్పుడు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను. పేర్లు వద్దన్నాను. ఇది మిరపకాయ కోతలకు ముఠాలు కట్టుకొని పోతున్న ఆడపిల్లల కోసం. నేనేదో దారి చూపిస్తాననుకొని చదవొద్దు. నా దగ్గర దారేమీ లేదు.

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. వాన పడితే పంట, లేకపోతే లేదు. కంది కోసి ఇంటికి తెచ్చుకున్నాక మాకు ఊళ్ళో పనుండదు. అందుకని కొత్త సంవత్సరం ప్రార్థన అయ్యీ కాగానే మూటలు కట్టి, బిడ్డల్ని చంకనేసుకొని, మిరప పండే ఊళ్ళకు పోతాం. ఎండలు ముదిరేదాకా అక్కడే. నేను మా ముఠాకు మేస్త్రిని. రైతుతో మాట్లాడేది నేను, కాటా దగ్గర తగాదా పడేది నేను, ఎవరికన్నా జ్వరమొస్తే తిట్లు తినేది నేను. ఏ రైతు దగ్గరికి పోవాలో ఎంచడం అన్నిటికంటే పెద్ద పని. ఒకసారి ఎంచితే కోతలయ్యేదాకా దాన్నే మింగాలి.

మొదట్లో నేనూ అందరిలాగే ఎంచేదాన్ని. ఎవడు ఎక్కువ కూలి అంటే వాడి దగ్గరికి. ఒక ఏడు అట్లాగే పోయాం. కోత మధ్యలో ముసురు పట్టింది, కాయ చెట్టుమీదే కుళ్ళింది, రైతు ఊళ్ళో లేకుండా పోయాడు. పైన కప్పు లేదు, కింద పొడినేల లేదు. తడిసిన మూటలు నెత్తిన పెట్టుకొని బస్సు తగిలేదాకా నడిచాం. ఆ నడకలో నాకు బుద్ధొచ్చింది. ఒక్క సంగతిని నమ్ముకొని పోతే, ఆ ఒక్కటీ కూలిన రోజు నిలబడ్డానికి ఇంకేమీ ఉండదు.

అప్పటి నుంచి పలకముక్కలు పెట్టడం మొదలుపెట్టాను. మా ఆయన చిన్నప్పటినుంచీ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చేశాడు. రాయి కోసేటప్పుడు పోయిన తరుగు అక్కడ గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. అవి కొన్ని తెచ్చాడు. చర్చి ముందర నేలమీద పుల్లతో గుండ్రాలు గీస్తాను, ఒక్కో రైతుకు ఒక్కో గుండ్రం. కాయ కోసే ప్రతి మనిషీ తనకు ముఖ్యమైన సంగతి ఒకటి పైకి చెప్పాలి. కూలి, నీళ్ళు, కప్పు, దారి, ఆస్పత్రి, ఆదివారం సెలవు, రైతు నోరు, ఏదైనా సరే. ఆ సంగతి ఏ రైతు దగ్గర బాగుంటే ఆ గుండ్రంలో ముక్క పెట్టాలి.

అంతటితో అయిపోదు. ఎవరి సంగతి వాళ్ళకు పెద్దది గదా. చంటిబిడ్డ తల్లి నీళ్ళకు ఒక్క ముక్కేనా అంటుంది. సరే, నీ నీళ్ళకు మూడు పెట్టుకో అంటాను. పెళ్ళి కావాల్సిన కూతురున్నామె కూలికి నాలుగు పెట్టమంటుంది. సరే, పెట్టు. ఒక్కొక్కరి మాటా పెద్దది చేసి చూస్తాం. తర్వాత తీయడం. రైతు కూలి మాట తప్పాడనుకోండి అని కూలి ముక్కలు తీసేస్తాను. బోరు ఎండిందనుకోండి అని నీళ్ళ ముక్కలు తీసేస్తాను. ఎవరి మాట పెద్దదైనా, ఏ ముక్క తీసినా, బొత్తిగా కూలిపోని గుండ్రం ఏదో దానికే పోతాం. అది అన్నిట్లోకీ మేలైంది కానక్కర్లేదు. ఎటునుంచి తోసినా పడకూడదు, అంతే.

ఇందులో ఒక కట్టుబాటు ఉంది. కోసే చేతికే ముక్క. ఇది మేము ఊరికే పెట్టుకోలేదు. మొదటి ఏడు మొగుళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్ళు కూర్చుంటే కూలికి తప్ప ఇంకో ముక్క పడదు. చాటుకు పోయే చోటు ఉందా లేదా అని అడిగితే నవ్వారు. అందుకని మరుసటి ఏడు నేనే లేచి చెప్పాను, వంగి కాయ కోసే మనిషి తప్ప ఇంకెవరూ ముక్క పట్టుకోవద్దని. ఆడవాళ్ళంతా ఆ మాటను గట్టిగా పట్టుకున్నారు.

మా ఆయన కోసేవాడు కాదు. పలకల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని మనిషి అప్పటికే సగమయ్యాడు. బరువెత్తలేడు, పది అడుగులేస్తే ఆయాసం. ఊరికే ఇంట్లో ఎందుకని ముఠాతో వచ్చి వంట చేసేవాడు, చంటిబిడ్డల్ని చూసుకునేవాడు. మగమనిషి గరిటె పట్టుకున్నాడని మొదట నవ్విన వాళ్ళే తర్వాత ఆయన పప్పు లేకపోతే అన్నం మానేసేవాళ్ళు. అందరూ ఆయన్ని వంటాయన అనేవాళ్ళు. ఆయన ఆ పేరును ఉద్యోగం మాదిరి మోశాడు.

ఆ ఏడు మూడు గుండ్రాలు గీశాను. ఒకటి సాగరు కాలవ కింద పెద్ద రైతు. కూలి అందరికంటే ఎక్కువ, పని చాలాకాలం ఉంటుంది. కానీ కప్పు లేదు, తాగేది కాలవ నీళ్ళు, ఆయన నోరు మంచిది కాదు. రెండోది యర్రగొండపాలెం దాటి అడవి మొదట్లో. ఇంటికి దగ్గర, మనుషులు మంచోళ్ళు. కానీ ఒక్క బోరు మీద ఆధారం, అది ఎండితే మూట కట్టాల్సిందే. మూడోది పల్నాడు వైపు పోయే తారురోడ్డు మీద. కూలి మధ్యరకం. సిమెంటు నేల, రేకుల కప్పు ఉన్న షెడ్డు ఇస్తానన్నాడు. కుళాయి ఉంది, బస్సు ఆగుతుంది, దగ్గర్లోనే ఆస్పత్రి, ఆదివారం ప్రార్థనకు వదులుతాడు.

"నాకు నీళ్లే ముఖ్యం పెద్దమ్మా. పోయినేడు చంటిదానికి బోరునీళ్లు పడక ఎంత ఇబ్బంది పడినా," అంది ముఠాలో చిన్న బాలింత.

"నీళ్లు తాగేదానికైతే అంత దూరమెందుకు, ఈడ్నే తాగొచ్చు గదమ్మా!" అంది నా తోడికోడలు. మా ఆయన తమ్ముడి పెళ్ళాం. ఆమె నోటికి మా ముఠాలో అడ్డులేదు. ఆమెది ఎప్పుడూ కూలి పక్షమే.

"నీ కూలికి అయిదు ముక్కలు పెట్టుకో, సూద్దాం," అన్నాను.

పెట్టింది. అయినా మూడో గుండ్రం కాలవ రైతుకు కొంచెమే తగ్గింది. నీళ్ళను పెద్దది చేస్తే మూడోదే పైన. కూలి తీసేస్తే మూడోదే పైన. ఆస్పత్రి తీసేసినా, దారి తీసేసినా నిలబడింది. తోడికోడలు మూతి ముడుచుకొని, "సరేలే అక్కా, నీ మూడోదానికే పోదాం. అదేందో రాతిగోడ మాదిరుండాది," అంది.

పక్కన ఇటుకల పొయ్యి మీద మా ఆయన అందరికీ టీ కాస్తున్నాడు. అక్కడినుంచే అడిగాడు.

"ఆ షెడ్డు మిగతా దినాల్లో దేనికి వాడతాడంట?"

తోడికోడలు అటు తిరిగింది. "బావో, కోసే చేతికే ముక్క. నీది గరిటె చెయ్యి. మాకు టీ పోసియ్యి, సాలు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "పోస్తా తల్లీ, పోస్తా. నీకు చక్కెర రెండు చెంచాలెక్కువేస్తా, ఆ నోరు కొంచెమన్నా తీపవుతాది."

మళ్ళీ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ మాట అక్కడితో పోయింది. ఆయన మళ్ళీ అడగలేదు. కట్టుబాటును ఆయన మాకంటే బాగా గౌరవించాడు.

అక్కడికి పోయాక కొన్నాళ్ళు నేను గర్వంగా తిరిగాను. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. బాలింత బిడ్డ ఒళ్ళు చేసింది. రైతు ఒక్కనాడు గొంతు పెంచలేదు. ఆదివారం తెల్లచీరలు కట్టుకొని రోడ్డుపక్క ప్రార్థన మందిరానికి పోయి వచ్చేవాళ్ళం. కాలవ కిందికి పోయిన వేరే ముఠాలో వాంతులు, విరేచనాలు అని ఫోనులో విని, నా తోడికోడలే, "అక్కా, నీ ముక్కలకు దండం పెట్టాల," అంది.

తర్వాత మబ్బు పట్టింది. కళ్ళంలో ఎండబెట్టిన కాయ తడిస్తే అంతా పోయినట్టే. రైతు కూలీల్ని పెట్టి, కళ్ళంలో ఉన్నదంతా ఎత్తించి షెడ్డులో సగానికి పోయించాడు. మా ఆయన అడిగిన దానికి జవాబు అప్పుడు తెలిసింది.

"మేస్త్రమ్మా, మబ్బు ఇడిసేదాకా సర్దుకోండి. పంట తడిస్తే మీకూ పనుండదు గదా," అన్నాడు రైతు.

ఆయన అన్నది నిజమే. ఆయన చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది. ఇన్నేళ్ళూ తిట్టుకుంటూ బతికేదాన్ని.

మేమంతా పొద్దంతా చేలో గాలిలో ఉండేవాళ్ళం. చీకటి పడ్డాక వచ్చి నాలుగు తుమ్ములు తుమ్మి పడుకునేవాళ్ళం. పొద్దస్తమానం ఆ ఘాటులో ఉండేది ఆయన ఒక్కడే. బయట గాలికి పొయ్యి నిలవదు, అందుకని వంట లోపలే. బిడ్డల్ని మాత్రం ట్రాక్టరు ట్రక్కు నీడన పడుకోబెట్టి, లోపలికి బయటికి తిరిగేవాడు. మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, లోపల ఏదో చింపుతున్నట్టు.

"ఇంటికి పోతావా? బస్సెక్కిస్తా," అన్నాను.

"నేను పోతే పిల్లోళ్లనెవరు సూస్తారు? నీ ముఠాలో ఒకతె కోత మానుకోవాల. ఎవరు మానుకుంటారో సెప్పు, పోతా."

నేను ముఠాలో ఒక్కొక్కరినీ వేళ్ళమీద లెక్కేసుకున్నాను.

"ఫ్యాక్టరీలో తిన్న దుమ్ముకంటే ఇదెంతే? ఇది కొంచెం కారంగా ఉండాది, అంతే," అని నవ్వబోయి దగ్గాడు.

కాయ కోస్తూ మనసులో మళ్ళీ గుండ్రాలు గీసుకున్నాను. ముఠాను లేపి వేరే చోటికి తీసుకుపోతే? కోతల మధ్యలో కొత్తగా ఎవరు పిలుస్తారు? పిలిచినా నీళ్ళెట్లా ఉంటాయో, మనిషెట్లాంటివాడో. బాలింత బిడ్డ ఇక్కడ కోలుకుంది. తోడికోడలు కూతురికి పెళ్ళి కుదిరింది. నీళ్ళు తీసి చూశాను, కూలి తీసి చూశాను, రైతును తీసి చూశాను. ఎటు చూసినా ఉన్నచోటే మేలు. అన్ని ముక్కలూ ఒక పక్క, ఒక మనిషి దగ్గు ఒక పక్క. ఆ మనిషి నా మొగుడు కాబట్టే గట్టిగా మాట్లాడలేకపోయాను. నా ఇంటి సంగతికి ముఠాను లేపానంటారని. పరాయి మనిషై ఉంటే లేపేదాన్నేమో.

వంటకు వేరే చావడి కావాలని రైతును అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "ఎల్లుండికి రేకులు దిగుతాయి మేస్త్రమ్మా, నేనే దగ్గరుండి ఏపిస్తా," అన్నాడు.

ఆ ఎల్లుండి, కాయను టిక్కీలకు ఎత్తే రోజు కూడా అయింది. టిక్కీ అంటే మిరపకాయ బస్తా. హమాలీలు అందులో దిగి కాళ్ళతో తొక్కి కాయను అణచాలి. అట్లా తొక్కుతుంటే లేచే ఘాటుకు దిట్టమైన మనిషి కూడా నిలవలేడు. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది, కాయ ఎగిరిపోతోందని గాలివైపు షట్టరు దించేశారు. అదంతా మేము చేలోకి పోయాక జరిగింది. పొద్దున నాకు తెలిసిందల్లా ఆయన పప్పు గిన్నె పట్టుకొని అడిగిన మాటే. అప్పటికే పొద్దుట్నించి ఎవరు ఏ సాలు పట్టాలో, ఎవరికి ఒంట్లో బాగాలేదో, అందరికీ చెప్పి చెప్పి ఉన్నాను. అందుకే విసుక్కున్నాను.

మధ్యాహ్నం అన్నం రాలేదు. ఆకలికి అందరూ గట్టుమీద కూర్చున్నారు.

"బావ ఈ పొద్దు బిరియానీ చేస్తన్నట్టుండాడు, ఇంకా తెమల్లా," అంది తోడికోడలు.

"నిద్రపోయినాడేమో పెద్దనాయన," అంది బాలింత.

నేను లేచి వెళ్ళాను. బిడ్డలు ట్రక్కు నీడన ఆడుకుంటున్నారు. ఆయన షెడ్డు బయట గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు, మూతికి తువ్వాలు అట్లాగే ఉంది. నన్ను చూశాడు. చూశాడనే అనుకుంటాను. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడంలేదు. హమాలీలు తర్వాత చెప్పారు. బాలింత బిడ్డ ఆయన వెనకే తప్పటడుగులేసుకుంటూ లోపలికి వచ్చిందంట. దాన్ని ఎత్తుకొని బయటికి పరిగెత్తాడంట. పది అడుగులు వెయ్యలేని మనిషి. బయట దించి గోడకు ఆనుకుంటే, అలుపు తీర్చుకుంటున్నాడనుకున్నారంట. లోపల పొయ్యి మీద పప్పు నల్లగా మాడిపోయి ఉంది. అందులో ఏమి వేశాడో తెలియలేదు.

రైతు పరిగెత్తుకొచ్చి సొంత కారులో ఎక్కించుకున్నాడు. తారురోడ్డు, ఎక్కడా ఆగలేదు. ఆస్పత్రి దగ్గరే. డాక్టరు లోపలే ఉన్నాడు. గాలి పెట్టే సిలిండరు కూడా ఉంది. మూతికి పెట్టారు. డాక్టరు వీపుమీద గొట్టం ఆనించి విని, నా వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ ఈయన్ని ఎక్కడ ఉంచారమ్మా?"

"షెడ్డులోనయ్యా. మంచి షెడ్డు," అన్నాను.

ఇంకేం చెప్పను? అది మంచి షెడ్డే.

చూశారా పిల్లలూ. దారి నిలిచింది. కారు నిలిచింది. ఆస్పత్రి నిలిచింది, డాక్టరు నిలిచాడు. రైతు మాట నిలిచింది, అదే సాయంత్రం రేకులు కూడా దిగాయంట. మేము గుండ్రంలో పెట్టి, తీసి, తోసి చూసిన ప్రతి సంగతీ నిలిచింది. ఆయనే నిలవలేదు. ఆయన మా గుండ్రంలో లేడు.

ఊరికి తెచ్చి మట్టిచేశాం. ప్రార్థన కూటం అయ్యాక ముఠా మళ్ళీ బయలుదేరింది, నేనూ పోయాను. పోకపోతే అందరి కోతా పోతుంది. అప్పటికి మబ్బు విడిచింది. కాయంతా అమ్మకానికి పోయింది. షెడ్డు కడిగి ఉంది, ఘాటు వాసన కూడా లేదు. నా తోడికోడలు ఎవరూ అడక్కుండానే కోత మానుకొని గరిటె పట్టుకుంది. కూతురి పెళ్ళి ముందున్న మనిషి. ఆ నోట్లోంచి కోతలు ముగిసేదాకా ఒక్క ఎగతాళి మాట రాలేదు. ఆమె నోరు అట్లా మూసుకుపోవడం నేను చూడలేకపోయాను.

మరుసటి ఏడు చర్చి ముందర మళ్ళీ గుండ్రాలు గీశాను. ఈసారి కోయని చేతులకూ ముక్కలు పెడదామన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. ముందు తోడికోడలే పెట్టింది. తర్వాత ఒకామె, "మా అత్తకు కళ్లు కనపడవు, ఇంటికాడ ఒక్కతే," అని పెట్టింది. "మా పెద్దోడికి బడి పోతాది," అని ఇంకొకామె. మంచంలో ఉన్న నాయనకు ఒకటి, పొగ పడని చెల్లెలికి ఒకటి, కడుపులో ఉన్న బిడ్డకు ఒకటి. ముక్కలు చాలక గులకరాళ్ళు ఏరుకొచ్చారు. ఇంతమంది ఉన్నారా మా వెనకాల అని నేనే బిత్తరపోయాను.

తర్వాత తీయడం మొదలుపెట్టాను. ఒక గుండ్రంలో అత్త పడిపోయింది. ఇంకోదాంట్లో బడి పడిపోయింది. కడుపులో బిడ్డ ఏ చోటా నిలవలేదు. ఎవరి మాట పెద్దది చేసినా ఇంకెవరో చస్తున్నారు. మూడు గుండ్రాలూ కూలిపోయాయి.

"అక్కా, ఇట్లయితే యాడికీ పోయేది లేదు," అంది తోడికోడలు.

"పోవద్దులే అయితే."

"పోకుంటే ఈడ తినేదేంది?"

 ఆ రాళ్ళకు అడ్డంగా ఒక కోడి నడిచిపోయింది. చివరికి ఎవరో మెల్లగా, ఎక్కువ కూలి ఎక్కడ అని అడిగారు. కాలవ కింద, నోరు మంచిదికాని రైతు దగ్గర. అక్కడికే పోదామన్నారు. నేను లేచి, చీర దులుపుకొని, ఈ మేస్త్రి పని నాకొద్దని చెప్పి ఇంటికి వచ్చేశాను.

వాళ్ళు పోయారు. కప్పు లేని చోట పట్టాలు కట్టుకొని పడుకున్నారు. కాలవ నీళ్ళు తాగారు. ఆ ఏడు వాన రాలేదు, జ్వరాలు రాలేదు. అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. కూలి కూడా ఎక్కువ తెచ్చుకున్నారు. నేను సంతోషపడ్డానని రాయి, అది నిజమే. ఆ రోజు తలుపు వేసుకొని కూర్చున్నానని కూడా రాయి.

మా తమ్ముడి కూతురు అడుగుతోంది, అయితే ఎట్లా ఎంచాలత్తా అని. చదువుకున్న పిల్ల, ప్రతిదానికీ చివర జవాబు కావాలి దానికి. నాకు తెలియదమ్మా. ఒక్కదాన్ని నమ్ముకొని పోతే ఏమవుతుందో చూశాను. అన్నిటినీ తూచి, ఎటు తోసినా పడనిదాన్ని ఎంచితే ఏమవుతుందో చూశాను. అందర్నీ లెక్కలోకి తెస్తే కాలు కదలదని కూడా చూశాను. తప్పు చేశానంటే ఏడ్చి దిద్దుకునేదాన్ని. తప్పు ఎక్కడుందో నాకింకా దొరకలేదు. దొరకని తప్పుతో బతకడం ఎంత బరువో మీకు తెలియకుండానే మీ బతుకులు గడిచిపోవాలని కోరుకుంటున్నాను.

చాలు, కలం దించు. ఇప్పుడు చదువు తల్లీ, మొదట్నించీ, మెల్లగా. ఆస్పత్రి సంగతి చెప్పేటప్పుడు నువ్వు కళ్ళు తుడుచుకోవడం చూశాను. అక్కడ నా మాట మెత్తన చేసి ఏదో కలిపి ఉంటావు, దేవుని చిత్తమనో, ఆయన వేళ వచ్చిందనో. ఆ మాట నేను అనలేదు. ఉంటే కొట్టెయ్యి. చదువు, వింటాను.